తాళాలు ఎవరి చేతికిచ్చారు?

(కొత్తగా ఉద్యోగాల్లో చేరిన యువతీయువకుల కోసం కాకినాడలో జరిగిన సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు మేనేజర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవాళ్లు "పై అధికారులతో ఎలా మెలగాలి" అనే విషయం మీద మాట్లాడమన్నారు. నేనూ ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకొచ్చాను. కానీ ఇందాక భోజనాల దగ్గర ఒక అమ్మాయి నా పక్కన కూర్చుంది. పెరుగన్నం కలుపుకుంటూ, "మేడమ్, మా సార్ నన్ను నమ్ముతున్నారో లేదో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. ఉద్యోగంలో చేరి పద్నాలుగు నెలలైందట. ఆ సార్ నవ్వరు. బాగా చేశావని ఇంతవరకు ఒక్కసారీ అనలేదు. కానీ పోయిన వారం సెలవు మీద వెళ్తూ, తనకొచ్చే మెయిల్స్ అన్నీ ఈ అమ్మాయికి వెళ్లేలా పెట్టి వెళ్లారు. "ఇది నమ్మకమా మేడమ్, పని నా నెత్తిన రుద్దడమా?" అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఆ కాగితం పక్కన పెట్టేశాను. ఈ పూట ఆ ప్రశ్న గురించే మాట్లాడుకుందాం.

నేను 34 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. 1986లో క్లర్క్-కమ్-క్యాషియర్‌గా చేరి, 2020లో మేనేజర్‌గా రిటైరయ్యాను. కౌంటర్‌లో కూర్చుని క్యాబిన్ వైపు బిక్కుబిక్కుమంటూ చూసిన రోజులున్నాయి. క్యాబిన్‌లో కూర్చుని, ఈ పని ఎవరికి అప్పజెబితే రాత్రి నిద్రపడుతుందా అని కౌంటర్ల వైపు చూసిన రోజులూ ఉన్నాయి. నాకు తెలిసింది ఆ రెండు కుర్చీల్లోంచి చూసిందే.

మొదటి కుర్చీ సంగతి చెప్తాను.

1988లో నేను కోనసీమలో ఒక చిన్న బ్రాంచిలో ఉండేదాన్ని. ఎనిమిది మందిమి. కంప్యూటర్లు లేవు. సాయంత్రం ఓచర్లన్నీ పేర్చి, డే బుక్ రాసి, క్యాష్ టాలీ అయితేనే ఇంటికి. సంత రోజైతే కొబ్బరి వ్యాపారులు, ధాన్యం కమీషన్ వాళ్లు, వాళ్ల గుమస్తాలు, అందరూ ఒక్కసారే వచ్చి పడేవాళ్లు. కౌంటర్ దగ్గర ఊపిరాడేది కాదు.

అప్పటి మా మేనేజర్ గారిది కటువైన మాట. నేను రాసిన ప్రతి కాగితం మీదా ఎర్ర సిరా పడేది. అంకె కింద గీత వంకరగా ఉన్నా చుట్టూ సున్నా చుట్టేవారు. నా పక్క సీట్లో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన లెడ్జర్ మాత్రం పైపైన చూసి సంతకం పెట్టేసేవారు. నాకు ఉక్రోషం వచ్చేది. ఇంటికెళ్లి అమ్మ దగ్గర ఏడ్చేదాన్ని. "ఆయనకి నేనంటే గిట్టదమ్మా, ఎక్కడికైనా ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటాను" అనేదాన్ని.

ఒక సంత రోజు సాయంత్రం నా క్యాష్‌లో వెయ్యి రూపాయలు తక్కువొచ్చాయి. అప్పట్లో వెయ్యంటే నా జీతంలో సగం పైమాటే. తక్కువైన డబ్బు క్యాషియరే కట్టాలి. చేతులు చల్లబడ్డాయి. ఎవరికీ చెప్పకుండా రేపు ఇంట్లోంచి తెచ్చి కలిపేద్దామా అని ఒక్క నిమిషం అనిపించింది. తర్వాత లేచి వెళ్లి క్యాబిన్‌లో చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. బయటికొచ్చి, నా కౌంటర్ పక్కకి స్టూలు లాక్కుని కూర్చున్నారు. "నోట్లు నువ్వు మళ్లీ లెక్కపెట్టు. ఓచర్లు నేను చూస్తాను" అన్నారు. రెండు గంటలు పట్టింది. వేళ్లు తడుపుకునే స్పాంజి ఎండిపోయింది, అటెండరు మళ్లీ నీళ్లు పోసి తెచ్చాడు. చివరికి ఒక విత్‌డ్రాయల్ ఫారం బయటపడింది. 1,400కి నేను 2,400 ఇచ్చేశాను. తీసుకున్నది పక్క ఊరి కొబ్బరి వ్యాపారి గుమస్తా. మేనేజర్ గారు అటెండరుని వెనక ఎక్కించుకుని, ఆ చీకట్లో తన స్కూటర్ మీద వెళ్లి, తొమ్మిదింటికి డబ్బు తీసుకొచ్చారు. పాపం ఆ గుమస్తా కూడా ఈ ఎక్కువ డబ్బు ఎక్కడిదా అని లెక్క చూసుకుంటూ కూర్చున్నాడట.

డబ్బు నా చేతికిచ్చి, "రేపటి నుంచి ఓచరు వెనక ఏ నోట్లు ఎన్ని ఇచ్చావో రాసుకో" అన్నారు. అంతకు మించి ఒక్క మాట లేదు. ఓదార్పు లేదు, మందలింపూ లేదు. నేను రిటైరయ్యేదాకా ఆ అలవాటు మానలేదు.

ఆ నెలలోనే ఇన్‌స్పెక్షన్ జరిగింది. వచ్చిన అధికారి, "కొత్త అమ్మాయి క్యాష్‌లో తేడా వచ్చిందటగా, వేరేవాళ్లని కూర్చోబెట్టకపోయారా?" అన్నారట. దానికి మా మేనేజర్ గారు, "తేడా వచ్చింది, దొరికింది. దాచకుండా వచ్చి నాకు చెప్పింది. అందుకే క్యాష్‌లో మళ్లీ తననే కూర్చోబెట్టాను" అన్నారట. నాకు ఇది చెప్పింది ఆయన కాదు. ఆ గదిలోకి టీ తీసుకెళ్లిన అటెండరు, ఒక ఏడాది తర్వాత, మాటల్లో మాటగా చెప్పాడు. ఆ ఏడాదంతా నేను ఆయనకి గిట్టననే అనుకుంటూ ఉన్నాను.

తర్వాత మా హెడ్ క్యాషియర్ గారు కూతురి పెళ్లికి పదిహేను రోజులు సెలవు పెట్టారు. బ్యాంకులో డబ్బు భద్రపరిచే స్ట్రాంగ్ రూమ్ ఒక్కరి తాళంతో తెరుచుకోదు. ఒక తాళం మేనేజర్ లేదా ఆఫీసర్ దగ్గర, రెండోది క్యాష్ చూసే మనిషి దగ్గర ఉంటాయి. ఇద్దరూ నిలబడితేనే తలుపు తెరుచుకుంటుంది. ఆ రెండో తాళం పక్క సీటు పెద్దాయనకే వెళ్తుందని అందరం అనుకున్నాం. మేనేజర్ గారు తాళాల రిజిస్టర్ నా ముందు పెట్టి, "సంతకం చెయ్యి" అన్నారు. గుత్తి నా అరచేతిలో పెట్టి, "రాత్రిపూట ఊరు వదిలి వెళ్లొద్దు. మిగతాది నీకు తెలుసు" అన్నారు.

ఆ గుత్తి బరువు నాకు ఇప్పటికీ గుర్తే. కొంగున ముడేసుకుని ఇంటికెళ్తుంటే దారిలో నాలుగు సార్లు తడిమి చూసుకున్నాను. అమ్మ దాన్ని తీసుకుని, కళ్లకద్దుకుని, దేవుడి గూట్లో పెట్టింది. "గిట్టనివాడు ఇలాంటిది చేతికిస్తాడటే?" అంది. అమ్మ మూడో తరగతి వరకే చదువుకుంది. నాకు రెండేళ్లుగా అర్థం కానిది ఆవిడకి ఆ గుత్తి చూడగానే అర్థమైంది.

ఎర్ర సిరా ఎందుకో అప్పుడు తెలిసింది. పెద్దాయనకి రిటైర్మెంట్ రెండేళ్లలో ఉంది. ఆయనని దిద్ది మేనేజర్ గారు చేసేదేమీ లేదు. నాకు తాళాలివ్వాలనుకున్నారు కాబట్టి నన్ను దిద్దారు.

దీని తర్వాత ఇంకో మేనేజర్ గారు వచ్చారు. చాలా తియ్యటి మనిషి. "నువ్వు మా అమ్మాయిలాంటి దానివి" అనేవారు. టిఫిన్ తెప్పిస్తే నాకూ ఒక ప్లేటు పంపేవారు. నేను పొంగిపోయాను. కానీ నేను భోజనానికి లేవగానే నా డ్రాయర్‌లో ఓచర్లు తిరగేసేవారు. "ఈవిడ లెక్క సరిగ్గానే చేస్తోందంటావా?" అని పక్కవాళ్లని అడిగేవారు. తనిఖీ చేయడం మేనేజర్ విధి, అందులో తప్పు లేదు. నా ఎదురుగా చేస్తే నేనే అన్నీ తీసి చూపించేదాన్ని. ఆయన మూడేళ్లున్నారు. ఆ మూడేళ్లలో నాకు ఒక్క కొత్త పని రాలేదు. ఇష్టపడ్డారు, అది అబద్ధం కాదు. నమ్మలేదు.

ఈ రెండూ వేరని గట్టిగా చెప్పడానికే ఇంత కథ చెప్పాను. మన ఆఫీసుల్లో "సార్‌కి ఫలానా ఆయనంటే ఇష్టం" అనే మాట వినపడుతుంది, "సార్ ఫలానా ఆయన్ని నమ్ముతారు" అనే మాట అంతగా వినపడదు. ఎందుకంటే ఇష్టం అందరికీ కనిపిస్తుంది. కాఫీ, నవ్వు, భుజం తట్టడం, మీటింగ్‌లో పేరు పెట్టి పిలవడం. నమ్మకం చాలావరకు మీరు లేని గదిలో ఉంటుంది. అందుకే కొత్తవాళ్లు ఇష్టం కోసం వెతుక్కుంటూ, వచ్చిన నమ్మకాన్ని చూడకుండా దాటిపోతారు. నేను దాటిపోయాను. ఆ ఎర్ర సిరా మేనేజర్ గారు బదిలీ మీద వెళ్తున్న రోజు కూడా దండ వేసి దణ్ణం పెట్టానే తప్ప, మీ వల్ల నేను పని నేర్చుకున్నానని చెప్పలేదు. ఆ మాట చెప్పాలని నాకు తట్టేసరికి ఆయన లేరు.

మరి మీకు కనిపించే గుర్తులే లేవా అంటే, ఉన్నాయి.

మీ బాస్ మీకు పూర్తికాని పనిని చూపిస్తున్నారా, చూడండి. రిపోర్టు అంతా తయారయ్యాక చూపించడం వేరు. కొట్టివేతలతో, అనుమానాలతో ఉన్న చిత్తుప్రతిని ముందు పెట్టి "ఇది ఎందుకో కుదరడం లేదు, ఏమంటావ్?" అనడం వేరు. పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషికి తన అయోమయం చూపించడం చాలా కష్టం. నేను మేనేజర్‌గా ఉన్నప్పుడు రీజినల్ ఆఫీసుకి రాసే జవాబు చిత్తుప్రతి ఇద్దరికే చూపించేదాన్ని. అడగడంతో సరిపోదు. మీరు చెప్పినదాని వల్ల ఎప్పుడైనా, పదింట్లో రెండు సార్లైనా, ఆయన నిర్ణయం మారిందా? ఎప్పుడూ మారకపోతే అడగడం మర్యాద కోసమే.

ఇంకొకటి, దిద్దడం ఆగిపోవడం. ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. బాస్ మీ పనిని దిద్దడం మానేశారంటే దానికి రెండు అర్థాలుంటాయి. ఇక చూడక్కర్లేదనే భరోసా కావచ్చు, ఇక చెప్పి లాభం లేదనే విసుగూ కావచ్చు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తర్వాత వచ్చే పనిలో తెలుస్తుంది. నిన్నటికంటే కష్టమైనది, ముందు ఎవరూ చేయనిది, తప్పితే ఆయన పేరు కూడా పోయేది మీకు వచ్చిందంటే అది భరోసా. అదే ఫైలు, అదే ఎక్సెల్ షీటు, ఏడాదిగా అదే అయితే, వెళ్లి మాట్లాడండి.

పని ఎక్కువ రావడమే నమ్మకం అనుకోకండి. కాదనలేని మనిషి నెత్తిన పని పడుతుంది, అది ఏ ఆఫీసులోనైనా అంతే. పనితో పాటు ఏమొచ్చిందో చూసుకోండి. నిర్ణయం తీసుకునే హక్కు వచ్చిందా? లోపలి సమాచారం వచ్చిందా? మీ పేరు పైకి వెళ్లిందా? బస్తాలు మాత్రమే మీ భుజాన పెట్టి, సంతకం, పేరు ఆయన దగ్గరే ఉంచుకుంటే దాన్ని నమ్మకం అనకూడదు.

దీని మీద చదువుకున్నవాళ్లు పరిశోధన కూడా చేశారు. 1975లో అమెరికాలో డాన్సెరో, గ్రేయన్, హాగా అనే ముగ్గురు ఒక వ్యాసం ప్రచురించారు. అప్పటిదాకా ఒక బాస్ తన కింద ఉన్న అందరితో ఒకే తీరుగా ఉంటాడని అనుకుని లెక్కలు వేసేవాళ్లు. వీళ్లు అలా కాదన్నారు. ప్రతి మనిషితోనూ బాస్‌కి విడివిడిగా ఒక సంబంధం ఏర్పడుతుంది, కొందరు లోపలి వృత్తంలోకి వస్తారు, కొందరు బయటే ఉండిపోతారు అన్నారు. ఇదే తర్వాత లీడర్-మెంబర్ ఎక్స్ఛేంజ్ అనే పేరుతో పెద్ద సిద్ధాంతమైంది. ఎక్స్ఛేంజ్ అనే మాట చూశారా? ఇచ్చిపుచ్చుకోవడం. లోపలి వృత్తంలో వాళ్లకి సమాచారం, స్వేచ్ఛ, అండ దొరుకుతాయి. బదులుగా వాళ్లు ఉద్యోగ పత్రంలో రాయని పని కూడా తమదే అనుకుని చేస్తారు. బాస్ మనకి దగ్గరవుతుంటే సంతోషమే, కానీ అక్కడ ఒక పద్దు కూడా మొదలవుతుంది. అది తెలుసుకునే అడుగు వేయాలి.

తప్పు జరిగినప్పుడు ఏం జరుగుతుందనేది నాకు అన్నిటికంటే పెద్ద గుర్తు. మన శ్రీహరికోటలో జరిగిందే చెప్తాను. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి-3 రాకెట్ మొదటి ప్రయోగం. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం గారు. చివరి నిమిషాల్లో కంప్యూటర్ ప్రయోగం ఆపమంది. నిపుణులు పర్వాలేదన్నారు. కలాం గారు కంప్యూటర్ మాట పక్కనపెట్టి ముందుకు వెళ్దామని నిర్ణయం తీసుకున్నారు. రెండో దశలో నియంత్రణ వ్యవస్థ చెడిపోయి, రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. అంటే ఆ నిర్ణయం స్పష్టంగా కలాం గారిదే. పత్రికల వాళ్లు కాచుకుని ఉన్నారు. ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారు కలాం గారిని వెంటబెట్టుకుని వెళ్లి, తనే మాట్లాడారు. వైఫల్యం బాధ్యత తన మీద వేసుకున్నారు. నా బృందం మీద నాకు నమ్మకం ఉంది, ఏడాదిలో సాధిస్తారు అన్నారు. 1980 జూలై 18న రెండో ప్రయోగంలో రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఆ రోజు ధావన్ గారు, "పత్రికల వాళ్లతో నువ్వు మాట్లాడు" అని కలాం గారిని పంపించారు. కలాం గారు రాష్ట్రపతి అయ్యాక కూడా ఎన్నో సభల్లో ఈ సంగతి చెప్పుకున్నారు.

మన బాస్‌లందరూ ధావన్ గారు కానక్కర్లేదు. కానీ చిన్న చిన్న విషయాల్లో ఇదే జరుగుతుంది. కస్టమర్ అరుస్తున్నప్పుడు, పై నుంచి ఘాటైన మెయిల్ వచ్చినప్పుడు, మీ బాస్ నోట "మేము" అనే మాట వస్తుందా, "వాడు" అనే మాట వస్తుందా? గదిలో తలుపేసి మిమ్మల్ని తిట్టినా, బయటికొచ్చి "మా వాళ్లు చూసుకుంటారు" అంటే ఆ తిట్టు గురించి బాధపడకండి. గదిలో నవ్వి బయట మీ పేరు చెప్పేస్తే జాగ్రత్త పడండి.

ఇక రెండో కుర్చీ.

2016 నవంబరు 8, రాత్రి ఎనిమిది గంటలు. టీవీలో ప్రధానమంత్రి గారు 500, 1000 నోట్లు ఆ అర్ధరాత్రి నుంచి చెల్లవని ప్రకటించారు. అప్పుడు నేను గోదావరి జిల్లాలోనే ఒక పట్నం బ్రాంచికి మేనేజర్‌ని. మర్నాడు బ్యాంకులు మూత, పదో తారీకు నుంచి జనం వస్తారు. నేను ఫోన్ తీసుకుని మొదట ఎవరికి చేశానో చెప్తాను.

మా బ్రాంచిలో ఒక అబ్బాయి ఉండేవాడు. కలుపుగోలు మనిషి. నా బీపీ మాత్రల టైము కూడా వాడికి గుర్తుండేది. నాకు వాడంటే నిజంగా ప్రేమ, అందరికీ తెలుసు. ఇంకో అమ్మాయి ఉండేది. రెండేళ్లలో పని లేకుండా నా క్యాబిన్‌లోకి వచ్చింది లేదు. ఆ రాత్రి నేను ముందు ఫోన్ చేసింది ఆ అమ్మాయికి. ఆలోచించి చేయలేదు. చేశాక నాకే ఆశ్చర్యం వేసింది.

ఎందుకో తర్వాత ఆలోచించాను. ఆ ఆగస్టులో ఒక సాయంత్రం తను నా దగ్గరికొచ్చి, "మేడమ్, పంట రుణాల వడ్డీ రాయితీ పదకొండు ఖాతాల్లో నేను తప్పుగా వేశాను" అంది. చేతిలో ఆ పదకొండు ఖాతాల జాబితా, పక్కన సరైన లెక్క ఉన్నాయి. అప్పటికి ఆడిటర్ పట్టుకోలేదు, రైతులూ అడగలేదు. తనంతట తనే వెతికి తెచ్చింది. ఆ రోజు నేను "సరే, సరిచెయ్యి" అన్నానంతే. పొగడలేదు. కానీ నా మనసులో ఒక తాళం ఆ రోజే చేతులు మారిందని నవంబరులో తెలిసింది.

పదో తారీకు ఉదయం ఆరింటికే లైను వీధి మలుపు దాటింది. మనిషికి 4,000 వరకు మార్పిడి, ఫారం, గుర్తింపు కార్డు జిరాక్సు. ఒక ముసలమ్మ కందిపప్పు డబ్బాలో దాచిన నోట్లు డబ్బాతో సహా తెచ్చింది. పప్పు వాసన వేస్తున్న ఆ నోట్లు ఒక్కొక్కటే విడదీసి లెక్కపెట్టిందీ అమ్మాయి, వెనక రెండు వందల మంది కేకలేస్తున్నా. శని, ఆదివారాలు కూడా బ్యాంకు తెరిచాం. ఎవరమూ సరిగ్గా తినలేదు.

ఆ మొదటి రోజు రాత్రి పదిన్నరకి క్యాష్ మూసేశాక, తను నా క్యాబిన్‌లోకి వచ్చి నిలబడింది. "మేడమ్, మధ్యాహ్నం మీరు ఒకాయన్ని వెనక గుమ్మంలోంచి రమ్మన్నారు. లైన్లో వాళ్లు చూశారు. రేపు వాళ్లు అడిగితే కౌంటర్‌లో నేనేం చెప్పాలి?" అంది. గొంతు వణుకుతోంది. అది నిజమే. ఆయన పాత కస్టమర్, పెద్దమనిషి, నేను మొహమాటపడ్డాను. నాకు మొదట కోపమొచ్చింది. అరగంట తర్వాత వెనక గుమ్మానికి తాళం వేయించాను. మళ్లీ తెరవలేదు.

అందుకే అంటాను, మీరు మీ బాస్‌కి చేదు మాట చెప్పి, ఆ తర్వాత కూడా మీకు అదే స్థాయి పని వస్తుంటే, అంతకంటే వేరే రుజువు అడగకండి.

ఆ అబ్బాయి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. వాణ్ని బయట లైను దగ్గర పెట్టాను. టోకెన్లు, తాగునీళ్లు, ముసలివాళ్లకి కుర్చీలు. అద్భుతంగా చేశాడు. వాడు లేకపోతే ఆ గేటు దగ్గర కొట్టుకునేవాళ్లు. కానీ నాలుగో రోజు నా దగ్గరికొచ్చి, "మేడమ్, నా మీద మీకు నమ్మకం లేదా?" అని అడిగాడు. నేను "అదేం లేదులే నాన్నా" అని దాటేశాను. అది తప్పు. "జనంతో పని నీదే, దాని మీద నాకు పూర్తి నమ్మకం. లెక్కల్లో నువ్వు తొందరపడతావు, అది తగ్గించుకుంటే క్యాష్ కూడా నీకే ఇస్తాను" అని నేను చెప్పి ఉండాలి. నమ్మకం మొత్తంగా ఉండదు, ఒక్కో పనికి ఒక్కోలా ఉంటుంది. పైవాళ్లు అది నోరు విప్పి చెప్పకపోతే కిందివాళ్లు ఊహించుకుని నలిగిపోతారు. మీలో కొందరు రేపు టీమ్ లీడర్లవుతారు, అందుకే ఇది ఇంత విడమరిచి చెప్తున్నాను.

ఇక మీకు నిజంగా భయపెట్టి చెప్పాల్సిన విషయం ఒకటుంది. బ్యాంకుల్లో కంప్యూటర్లు వచ్చాక ఒక పని ఒకరు ఎంటర్ చేస్తే ఇంకొకరు పాస్ చేయాలి. మా స్ట్రాంగ్ రూమ్ రెండు తాళాల లాంటిదే ఇది. రద్దీ రోజుల్లో కొందరు అధికారులు తమ ఐడీ, పాస్‌వర్డ్ నమ్మకమైన కుర్రాడికి ఇచ్చేస్తారు. "నువ్వే పాస్ చేసేయ్ రా, నీ మీద నాకు నమ్మకం" అని. ఆ మాట వినగానే ఒళ్లు పులకరిస్తుంది. నాతో పనిచేసిన ఒక అబ్బాయి అలా రెండేళ్లు ఆఫీసర్ పాస్‌వర్డ్ వాడాడు. ఒక రోజు ఒక ఖాతాలో గోల్‌మాల్ బయటపడింది. వాడు చేసింది కాదు. కానీ ఏ ఎంట్రీ ఎవరి చేత్తో పాసైందో ఎవరూ తేల్చలేకపోయారు. పాస్‌వర్డ్ ఇచ్చినాయన, "నేనెప్పుడు ఇచ్చాను?" అన్నాడు. చార్జ్ షీట్, ఎంక్వైరీ, రెండేళ్ల పాటు ఇంక్రిమెంట్ ఆగింది. పెళ్లి సంబంధం తప్పిపోయింది. ఆ పిల్లాడి మొహం నేను మర్చిపోలేను.

మహాభారతం విరాట పర్వంలో, పాండవులు విరాటరాజు కొలువులో చేరబోయే ముందు వాళ్ల పురోహితుడు ధౌమ్యుడు వాళ్లకి కొలువు చేసే పద్ధతి చెప్తాడు. అందులో ఒక హెచ్చరిక ఉంది. నేను రాజుకి ఇష్టుణ్ణి కదా అనుకుని ఆయన వాహనం, ఆయన పీఠం, ఆయన ఏనుగు, రథం ఎక్కకూడదు అని. బాస్ పాస్‌వర్డ్ అంటే బాస్ రథమే. ఆయనే ఎక్కమన్నా ఎక్కకండి. "సార్, మీరు పక్కన నిలబడి పాస్‌వర్డ్ మీ చేత్తో కొట్టండి, మిగతా అంతా నేను సిద్ధం చేసి ఇస్తాను" అనండి. మిమ్మల్ని నిజంగా నమ్మే మనిషి ఆ మాటకి నొచ్చుకోడు.

అలాగే బాస్ మిమ్మల్ని పిలిచి, "వాళ్లు క్యాంటీన్లో నా గురించి ఏమనుకుంటున్నారు?" అని అడుగుతుంటే, పొంగిపోకండి. ఈ రోజు వాళ్ల మాటలు మీ ద్వారా తెలుసుకుంటున్నారు, రేపు మీ మాటలు ఇంకొకరి ద్వారా తెలుసుకుంటారు. ఆఫీసులో మీకు "సార్ మనిషి" అని పేరు పడుతుంది. ఆ పేరు పడ్డాక మీ ఎదుట ఎవరూ నోరు విప్పరు. ఆ సార్ బదిలీ అయిపోయాక ఒంటరిగా మిగిలేది మీరే. లోపలి సంగతి మీకు తెలిస్తే అది మీ దగ్గరే ఆగాలి. మీకు దక్కిన మంచి పనిలో పక్కవాళ్లకి కూడా భాగం ఇవ్వండి, పేరుతో సహా.

ఆడపిల్లలకి విడిగా ఒక మాట. బాస్ మిమ్మల్ని నమ్మి పెద్ద పని ఇస్తే నాలుగు నోళ్లు నాలుగు రకాలుగా అంటాయి. నన్నూ అన్నారు. ఆ మాటలకి భయపడి పని వదులుకోకండి. కానీ పనితో సంబంధం లేని మెసేజ్‌లు, వేళ కాని వేళ ఫోన్లు, "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి" అనే మాటలు మొదలైతే, దాచిపెట్టాల్సిన అభిమానం ఏదీ నమ్మకం కాదని తెలుసుకోండి. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. మీ ఆఫీసులో ఆ కమిటీలో ఎవరున్నారో రేపే కనుక్కోండి, అవసరం పడకముందే.

ఇక పెరుగన్నం దగ్గర అడిగిన అమ్మాయికి జవాబు. ఎక్కడ కూర్చున్నావమ్మా? ఆ, అక్కడ.

మీ సార్ మెయిల్స్ నీకు పెట్టి వెళ్లారన్నావు. అది నమ్మకమో, నెత్తిన రుద్దడమో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. నువ్వే కనుక్కోవచ్చు. ఆయన సోమవారం వస్తారన్నావు కదా. వచ్చాక ఈ వారంలో వచ్చినవి, నువ్వు చేసినవి, చేయకుండా ఆపినవి ఒక్క పేజీ మీద రాసి చూపించు. ఎక్కడైనా పొరపాటు చేసి ఉంటే అది మొదటి వరసలో రాయి. తర్వాత ఒక్క ప్రశ్న అడుగు. "సార్, ఈసారి మీరు లేనప్పుడు ఏవి నేనే తేల్చెయ్యొచ్చు? ఏవి మీ కోసం ఆపాలి?"

ఆయన కాసేపు ఆలోచించి, ఇవి నువ్వే చూసుకో, ఇవి నాకు ఫోన్ చెయ్యి అని విడదీసి చెప్తే, మొహంలో నవ్వు లేకపోయినా ఫరవాలేదు, నీ చేతికి తాళం వచ్చినట్టే. "అన్నీ నాకు ఫార్వర్డ్ చెయ్యి, అంతే" అంటే, ఇంకా రాలేదు. అప్పుడు బాధపడకుండా, వాటిలో ఏదైనా ఒక్కటి, చిన్నదైనా సరే, పూర్తిగా నీకే ఇమ్మని అడుగు. ఏమన్నారో నాకు ఫోన్ చేసి చెప్పు. నా నంబరు నీ దగ్గరుంది కదా.